హబుల్ టెన్షన్‌ని ఒక ఆదివారం మీ చేత్తో లెక్క కట్టడం ఎలా

మా మేనల్లుడు బీఎస్సీ రెండో ఏడాది చదువుతున్నాడు. ఓ శనివారం సాయంత్రం విశాఖ ఆర్కే బీచ్‌లో ఇసుక మీద కూర్చున్నాం. మురీ మిక్చర్ పొట్లం సగం అయ్యాక వాడు ఫోన్ నా మొహం ముందు పెట్టి, "ఏటి మావయ్యా ఇది, విశ్వం ఎంత స్పీడుగా పెరుగుతోందంటే ఒకడు 67 అంటాడు, ఒకడు 73 అంటాడు, పరీక్షలో ఏది రాయాలి?" అన్నాడు. పరీక్షలో అయితే సుమారు 70 అని రాసి ముందుకెళ్లిపోరా అన్నాను. వాడు వదల్లేదు. వదలకపోవడమే మంచిదైంది, ఎందుకంటే 67కి 73కి మధ్య ఉన్న ఆ ఆరు తేడా కోసం ప్రపంచంలో కొన్ని వందల మంది ఏళ్ల తరబడి తలలు బాదుకుంటున్నారు. దాని పేరు కూడా మనం రోజూ వాడే మాటే, హబుల్ టెన్షన్.

ఆ తర్వాత రెండు ఆదివారాలు మేమిద్దరం చేసిన పనే ఇక్కడ రాస్తున్నాను. గురుత్వాకర్షణ మీద, విశ్వం మీద ఇప్పుడు నడుస్తున్న ప్రశ్నల గురించి వీడియోలు చూస్తే అంతా అర్థమైనట్టే ఉంటుంది. మర్నాడు ఎవరైనా అడిగితే నోట మాట రాదు. అదే ఒక్క ప్రశ్న పట్టుకుని అసలు డేటాతో లెక్క కట్టి చూడండి, మీ చెయ్యి ఎక్కడ ఆగుతుందో పరిశోధకుల పేచీ కూడా సరిగ్గా అక్కడే ఉంటుంది. హబుల్ టెన్షన్ దీనికి బాగా సరిపోతుంది. డేటా అంతా ఉచితంగా దొరుకుతుంది, కావాల్సిన గణితం ఇంటర్‌లో చదివిన లాగరిథమ్సే, పెద్ద కంప్యూటర్ అక్కర్లేదు. మేము పాత ల్యాప్‌టాప్‌లో గూగుల్ షీట్స్ వాడాం. పైథాన్ వస్తే మంచిదే, రాకపోయినా పని ఆగదు.

ముందు ఓడల దీపాల సంగతి

చీకటి పడ్డాక బీచ్ నుంచి చూస్తే సముద్రంలో దూరంగా దీపాలు కనిపిస్తాయి కదా, పోర్టులో బెర్త్ దొరికేదాకా లంగరు వేసుకుని నిలబడ్డ ఓడలవి. ఏది దగ్గర, ఏది దూరం చెప్పు అన్నాను మావాణ్ణి. మసగ్గా ఉన్నది దూరం అన్నాడు. అన్నింటికీ ఒకే రకం బల్బు ఉంటే ఆ మాట నిజమే. ఒకటి ఇంకోదానిలో నాలుగో వంతు వెలుగుతోనే కనిపిస్తుంటే అది రెట్టింపు దూరంలో ఉన్నట్టు. సరే, మరి ఎన్ని కిలోమీటర్లు? అక్కడ వాడు ఆగాడు. బల్బు ఎన్ని వాట్లో తెలియకుండా ఏది దేనికి ఎన్ని రెట్లు దూరమో చెప్పగలం గానీ కిలోమీటర్లు చెప్పలేం. ఫిషింగ్ హార్బర్ నుంచి ఎవరో పడవ వేసుకెళ్లి, అన్నిటికంటే దగ్గర ఓడ దాకా నిజంగా కొలిచి వస్తే ఆ ఒక్క ఓడతో వాట్లు తేలతాయి, వాట్లు తేలితే మిగతా ఓడల కిలోమీటర్లూ తేలతాయి.

మొత్తం లెక్క ఇంతే. దీపాల బదులు టైప్ వన్ ఏ సూపర్నోవాలు, అంటే తెల్ల మరుగుజ్జు నక్షత్రాలు పేలిపోయినప్పుడు వచ్చే వెలుగులు. ఆ వెలుగు ఎంత సేపట్లో తగ్గింది, రంగు ఎలా ఉంది అన్నవి చూసి సరిదిద్దితే అన్నీ దాదాపు ఒకే బల్బులా ప్రవర్తిస్తాయి. పడవ వేసుకెళ్లి కొలిచి వచ్చే పని సెఫీడ్ నక్షత్రాలు చేస్తాయి. ఇవి క్రమం తప్పకుండా మినుకుమంటుంటాయి, ఎంత నిదానంగా మినుకుమంటే అంత ప్రకాశవంతమైనవని 1912లో హెన్రియెటా లెవిట్ చూపించింది. గెలాక్సీ ఎంత దూరంలో ఉంటే అంత వేగంగా దూరమవుతోందని ఎడ్విన్ హబుల్ 1929లో గీసిన గ్రాఫుకి దూరాలు చాలావరకు ఆ పునాది మీదే వచ్చాయి. ఆయనకు వచ్చిన అంకె సుమారు 500, ఇప్పటి విలువకు ఏడు రెట్లు. గ్రాఫ్ ఆకారం సరిగ్గానే ఉంది, తప్పంతా బల్బు వాట్లలో ఉంది. ఇది గుర్తుపెట్టుకోండి, కథ మళ్లీ ఇక్కడికే వస్తుంది.

యూనిట్ గురించి ఒక్క ముక్క. ఈ 67, 73 అన్న అంకెనే హబుల్ స్థిరాంకం అంటారు. 73 అంటే సెకనుకు 73 కిలోమీటర్లు, ప్రతి మెగాపార్సెక్‌కి. ఒక మెగాపార్సెక్ 32.6 లక్షల కాంతి సంవత్సరాలు. అంత దూరం పెరిగేకొద్దీ గెలాక్సీ ఇంకో 73 కిలోమీటర్ల వేగంతో దూరమవుతున్నట్టు కనిపిస్తుంది.

డేటా తెచ్చుకోవడం

గిట్‌హబ్‌లో పాంథియన్ ప్లస్ (Pantheon+, సూపర్నోవాల కొలతల జాబితా) డేటా విడుదల అని వెతకండి. ఫోల్డర్లు చాలా ఉంటాయి. మనకు కావాల్సింది దూరాలు, కోవేరియన్స్ అని పేరున్న నాలుగో ఫోల్డర్. అందులో డాట్ డాట్ (.dat) అనే ఎక్స్‌టెన్షన్‌తో ఒక ఫైలుంటుంది (డేటాకి పొట్టి పేరు, మావాడు నవ్వాడు), డాట్ కవ్ (.cov) అని ఇంకోటి. మొదటిదే దించుకోండి. రెండోదాన్ని షీట్‌లో తెరవొద్దు. అందులో 1701ని 1701తో గుణిస్తే వచ్చినన్ని అంకెలుంటాయి, అంటే దాదాపు 29 లక్షలు. నేను ఉత్సాహంగా తెరిచాను, ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది, ఆ పూటకి పని బంద్.

దించుకున్న ఫైలు మామూలు టెక్స్టే, అంకెల మధ్య ఖాళీలుంటాయి. షీట్‌లో ఇంపోర్ట్ చేసేటప్పుడు ఖాళీ దగ్గర విడగొట్టమని చెబితే చక్కగా కాలమ్‌లుగా పడుతుంది. 1701 వరుసలు. సూపర్నోవాలు మాత్రం 1550, ఎందుకంటే కొన్నింటిని ఒకటికంటే ఎక్కువ టెలిస్కోప్ బృందాలు విడివిడిగా కొలిచాయి. కాలమ్‌లు చాలా ఉన్నా మనకు నాలుగైదు చాలు: రెడ్‌షిఫ్ట్ (గెలాక్సీ దూరమవుతుంటే దాని వెలుగు ఎరుపు వైపు ఎంత జరిగిందో చెప్పే అంకె) ఉన్న జెడ్‌హెచ్‌డి (zHD), సరిదిద్దిన వెలుగు ఉన్న ఎం బి కార్ (m_b_corr), సెఫీడ్లతో తెలిసిన దూరం ఉన్న సెఫ్ డిస్ట్ (CEPH_DIST), ఆ వరుస కాలిబ్రేటరా (వాట్లు తేల్చడానికి పనికొచ్చేదా) కాదా అని ఒకటి లేదా సున్నా చెప్పే కాలమ్. షూస్ బృందం, అంటే ఆడమ్ రీస్ నడిపే బృందం, దూరపు సూపర్నోవాల్లో తాము వాడుకున్నవాటికి పెట్టిన గుర్తు ఇంకో కాలమ్‌లో ఉంటుంది.

రెడ్‌షిఫ్ట్ పేరుతో మూడు కాలమ్‌లు కనిపించి అయోమయం పెడతాయి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతోంది, సూర్యుడు గెలాక్సీలో తిరుగుతున్నాడు, గెలాక్సీలు పక్కవాటి లాగుడుకి అటూ ఇటూ కదులుతుంటాయి. వీటన్నిటి సవరణ అయ్యాక మిగిలింది జెడ్‌హెచ్‌డి. అదే వాడండి.

వాట్లు తేల్చడం

కాలిబ్రేటర్ కాలమ్‌లో ఒకటి ఉన్న వరుసల్నే ఫిల్టర్ చేస్తే 77 మిగులుతాయి. సూపర్నోవాగా లెక్కిస్తే 42. ఇవి సెఫీడ్లు కూడా కనిపించేంత దగ్గర గెలాక్సీల్లో పేలినవి. కొత్త కాలమ్‌లో ఎం బి కార్ లోంచి సెఫ్ డిస్ట్ తీసెయ్యండి (ఆ దూరం కూడా మాగ్నిట్యూడ్ కొలతలోనే ఉంటుంది). వచ్చేదే బల్బు అసలు ప్రకాశం, ఖగోళం వాళ్ల భాషలో ఎబ్సల్యూట్ మాగ్నిట్యూడ్. ఈ మాగ్నిట్యూడ్ కొలత తలకిందులుగా ఉంటుంది. అంకె ఎంత తక్కువైతే వెలుగు అంత ఎక్కువ. రెండు వేల ఏళ్ల నాటి అలవాటు, ఎవరూ మార్చలేదు, తిట్టుకుంటూ వాడుకోవడమే.

ఫైల్లో మొదటి వరుస 2011ఎఫ్‌ఈ. 2011 ఆగస్టులో మన సప్తర్షి మండలం వైపు ఉన్న పిన్‌వీల్ గెలాక్సీలో కనిపించిన సూపర్నోవా అది, దూరం సుమారు 2.2 కోట్ల కాంతి సంవత్సరాలు, ఈ మధ్య కాలంలో పేలినవాటిలో బాగా దగ్గరిది. ఎం బి కార్ 9.75, సెఫ్ డిస్ట్ 29.18. తీసివేస్తే మైనస్ 19.43. మావాడు ఆ ఒక్క అంకె పట్టుకుని ముందుకెళ్లిపోయాడు, చివరికి వాడి హబుల్ స్థిరాంకం 67.3 వచ్చింది. "మావయ్యా, టెన్షనే లేదు, ప్లాంక్ వాళ్లదే కరెక్టు!" అని అరిచాడు. 67 అంటున్నది ప్లాంక్ ఉపగ్రహం వాళ్లే, వాళ్ల సంగతి తర్వాత. వంటింట్లోంచి మా అక్క తొంగి చూసింది.

వాడి కూడికలో తప్పు లేదు. ఒక్క సూపర్నోవాని నమ్మడమే తప్పు. సవరణలన్నీ చేసినా ఈ బల్బులు ఒక్కోటి 0.13 మాగ్నిట్యూడ్ దాకా అటూ ఇటూ ఊగుతాయి, కొన్ని ఇంకా ఎక్కువే. 2011ఎఫ్‌ఈ కాస్త ప్రకాశం ఎక్కువ ఉన్న వైపు పడింది, అంతే. మొత్తం 77 వరుసల సగటు తీస్తే మైనస్ 19.25 చుట్టుపక్కల వస్తుంది. షూస్ బృందం 2022 పేపర్లో వేసిన విలువ మైనస్ 19.253. ఆ సగటులో పొరపాటు ఎంతుండొచ్చో చూడాలంటే 0.13ని 42 వర్గమూలంతో భాగించండి, 77తో కాదు, ఎందుకంటే ఒకే సూపర్నోవాని రెండుసార్లు కొలిస్తే అది రెండు సూపర్నోవాలు అయిపోదు. 0.02 వస్తుంది. హబుల్ స్థిరాంకంలో అది సుమారు ఒక శాతం.

దూరపు సూపర్నోవాలు

ఇప్పుడు ఫిల్టర్ మార్చి, జెడ్‌హెచ్‌డి 0.023 నుంచి 0.15 మధ్య ఉన్నవే ఉంచండి. షూస్ గుర్తు ఉన్నవే తీసుకున్నా సరే. ఎందుకు ఈ హద్దులు? మరీ దగ్గరవాటిలో గెలాక్సీల సొంత తిరుగుళ్లు లెక్క పాడుచేస్తాయి. ఆండ్రోమెడా అయితే సెకనుకి 300 కిలోమీటర్ల వేగంతో మన వైపే వస్తోంది, దాన్ని పెట్టుకుని విశ్వం పెరుగుతోందని ఎవరికి చెబుతాం? 0.023 దగ్గర విస్తరణ వేగం దాదాపు 7000 కిలోమీటర్లు, అక్కడ 300 అటూ ఇటూ అయినా నాలుగు శాతమే, వందల సూపర్నోవాల సగటులో అది అణిగిపోతుంది. పై హద్దు దాటితే విశ్వం గతంలో ఎలా పెరిగిందన్న కథంతా లెక్కలోకి వచ్చేస్తుంది, మనకు కావాల్సింది ఇప్పటి వేగం.

ప్రతి వరుసకీ ఇలా చెయ్యండి. కాంతి వేగం 2,99,792ని జెడ్‌తో, అంటే జెడ్‌హెచ్‌డితో గుణించండి. దాన్ని చిన్న సవరణతో గుణించాలి: 1 + 0.775 × జెడ్ − 0.274 × జెడ్ × జెడ్. విశ్వం వేగం పుంజుకుంటోందన్న సంగతి ఈ సవరణలో ఇమిడి ఉంది. వచ్చినదానికి పది ఆధారంగా లాగ్ తీసి, అందులోంచి ఎం బి కార్‌లో ఐదో వంతు తీసెయ్యండి. షీట్స్‌లో లాగ్ అంటే పది ఆధారమే, పైథాన్‌లో అయితే ఉత్త లాగ్ సహజ లాగరిథమ్ ఇస్తుంది, అక్కడ చాలామంది బోల్తా పడతారు.

ఒకటి చేసి చూద్దాం. జెడ్ 0.05 అనుకోండి, ఎం బి కార్ 17.39. కాంతి వేగంతో గుణిస్తే 14,990. సవరణ 1.038. రెండూ గుణిస్తే సుమారు 15,560. దాని లాగ్ 4.192. 17.39లో ఐదో వంతు 3.478. తేడా 0.714. అన్ని వరుసలకీ ఇది చేసి సగటు తీస్తే అది కూడా 0.714 దగ్గరే ఉంటుంది, షూస్ పేపర్లోనూ ఇంతే. సగటు దీనికి బాగా దూరంగా వస్తే మీ ఫిల్టర్ చూసుకోండి.

చివరి మెట్టు. ఆ 0.714ని ఐదుతో గుణించి, 25 కలిపి, బల్బు ప్రకాశం మైనస్ 19.253 కూడా కలపండి. మొత్తాన్ని ఐదుతో భాగిస్తే 1.8634. పదిని ఆ ఘాతానికి ఎత్తితే 73. షూస్ వాళ్లు ప్రకటించిన 73.04కి మీరు షీట్‌లో, ఇంట్లో కూర్చుని దగ్గరకొచ్చేశారు. వాళ్ల పొరపాటు అంచనా 1.04. మీది ఇంకాస్త ఎక్కువుంటుంది, ఎందుకంటే ఆ 29 లక్షల అంకెల ఫైలుని మనం పక్కన పెట్టేశాం. సూపర్నోవాల పొరపాట్లు ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో చెప్పేది అదే.

ఒక హెచ్చరిక, ఇది నా సొంత అనుభవం. మొదటిసారి చేసినప్పుడు నేను సెఫీడ్ల గొడవంతా ఎందుకని, ఫైల్లో సిద్ధంగా ఉన్న మ్యూ షూస్ అనే దూరాల కాలమ్ పట్టుకుని గ్రాఫ్ గీసేశాను. 73 వచ్చింది! రాత్రి పన్నెండింటికి మావాడికి మెసేజ్ కూడా పెట్టాను. తెల్లారాక చూసుకుంటే ఆ కాలమ్ ఎం బి కార్‌కి 19.253 కలిపినదే. అంటే జవాబు ముందే లోపల పెట్టి ఉంది, నేను దాన్నే బయటికి తీసి కనిపెట్టానని సంబరపడ్డాను. మిడిమిడి జ్ఞానంతో రాసిన చాలా "కొత్త సిద్ధాంతాలు" ఇదే పని చేస్తాయి.

పేచీ అసలు ఎక్కడ

ఇప్పుడు షీట్‌లో మైనస్ 19.253 ఉన్న సెల్‌ని చేత్తో మార్చి చూడండి. మైనస్ 19.427 పెట్టగానే 67.4 వస్తుంది. 0.714 ఇచ్చిన వందల సూపర్నోవాలు ఒక్కటీ కదల్లేదు, గ్రాఫ్ గీత అలాగే ఉంది, బల్బు వాట్లు మార్చేసరికి విశ్వం వేగం మారిపోయింది. ఇందాకటి సూపర్నోవా 69 కోట్ల కాంతి సంవత్సరాల దూరం నుంచి 75 కోట్లకు జరిగిపోయింది, అంతే తేడా. మావాడు ఈ సెల్ దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. "అంటే మావయ్యా, దూరపు సూపర్నోవాలు హబుల్ స్థిరాంకం గురించి ఏమీ చెప్పట్లేదా?" అన్నాడు. విడిగా ఏమీ చెప్పవు. బల్బు వాట్లూ, విస్తరణ వేగమూ జంటగానే కనిపిస్తాయి, ఒకటి బయటి నుంచి తెస్తే గానీ రెండోది తేలదు.

కాబట్టి టెన్షన్ అంతా ఆ 0.17 మాగ్నిట్యూడ్‌లో ఉంది. వెలుగులో అది 17 శాతం, దూరంలో 8 శాతం. సూపర్నోవాలు మనం అనుకున్నదానికంటే 17 శాతం ప్రకాశవంతమైనవైతే గొడవ తీరిపోతుంది. మరి అలా తప్పు పట్టుకోవచ్చు కదా అంటే, అదే పదేళ్లకు పైగా చేస్తున్నారు. సెఫీడ్లకి కూడా వాట్లు తెలియాలి, దానికి మూడు వేరు వేరు ఆధారాలున్నాయి. ఎన్‌జీసీ 4258 అనే గెలాక్సీ నడిమధ్య నల్లబిలం చుట్టూ తిరిగే మేసర్ మేఘాల (లేజర్‌లాగే మైక్రోవేవ్ తరంగాలు వెదజల్లే మేఘాల) జ్యామితి ఒకటి. పెద్ద మెజెల్లానిక్ మేఘంలో ఒకదాన్నొకటి గ్రహణం పట్టే జంట నక్షత్రాలు రెండోది. మన గెలాక్సీ సెఫీడ్లకి గయా ఉపగ్రహం కొలిచిన పారలాక్స్ (చూసే చోటు మారేకొద్దీ నక్షత్రం కాస్త జరిగినట్టు కనిపించడం) మూడోది. ఈ మూడూ ఒకే వైపుకి, ఒకే మోతాదులో తప్పితే గానీ 8 శాతం రాదు. హబుల్ టెలిస్కోప్‌లో పక్కపక్క నక్షత్రాలు కలిసిపోయి సెఫీడ్లు ఎక్కువ వెలుగుగా కనిపించాయేమో అన్న అనుమానం ఉండేది. జేమ్స్ వెబ్ చూపు పదునైనది కాబట్టి అదే సెఫీడ్లని దాంతో చూశారు, ఆ అనుమానం చాలావరకు పోయింది. మరోవైపు వెండీ ఫ్రీడ్‌మన్ బృందం సెఫీడ్లతో పాటు ఎర్ర దిగ్గజ నక్షత్రాల్లాంటి వేరే దీపాలు కూడా వాడి 70 దగ్గర తేలుతోంది, అంటే మధ్యలో. నన్నడిగితే ఈ 70కి ఇవ్వాల్సినంత పట్టింపు బయట ఎవరూ ఇవ్వట్లేదు, 67కి 73కి మధ్య పందెం అయితేనే వినడానికి బాగుంటుంది కాబట్టి.

రెండో వైపు 67.4 ఉంది, ప్లాంక్ ఉపగ్రహం చివరి ఫలితాల్లోది, పొరపాటు 0.5. ఇక్కడ దీపాలు లేవు, కొలబద్ద ఉంది. విశ్వానికి 3.8 లక్షల ఏళ్ల వయసప్పుడు వేడి వాయువులో శబ్ద తరంగాలు ఎంత దూరం వెళ్లగలిగాయో లెక్క కట్టొచ్చు, ఇప్పటి కొలతకి పెంచితే అది సుమారు 144 మెగాపార్సెక్‌లు. ఆ పొడవు ఆకాశంలో ఎంత కోణంలో కనిపిస్తుందో ప్లాంక్ అద్భుతమైన ఖచ్చితత్వంతో కొలిచింది, సుమారు 0.6 డిగ్రీ. పొడవు తెలిసి, కోణం తెలిస్తే దూరం తెలుస్తుంది, దాన్నుంచి ఇప్పటి వేగం వస్తుంది. కానీ ఆ 144 కొలిచింది కాదు. సాధారణ పదార్థం, కృష్ణ పదార్థం, కాంతి, న్యూట్రినోలు ఎంతెంత ఉన్నాయో పెట్టి, ఐన్‌స్టీన్ సమీకరణాలతో కట్టిన లెక్క. అక్కడ మనకు తెలియని సరుకు ఇంకేదైనా కొద్దికాలం ఉండి మాయమై ఉంటే, ఆ కొలబద్ద ఓ 7 శాతం పొట్టిదై 73కి దారి ఇస్తుంది. తొలినాటి డార్క్ ఎనర్జీ అనే ప్రతిపాదన ఇదే (డార్క్ ఎనర్జీ అంటే విశ్వం వేగం పుంజుకునేలా చేస్తోందనుకునే శక్తి). సిద్ధాంతం వాళ్లు ఇలాంటివి వందల్లో రాశారు. చాలావాటికి ఒక చోట కుట్టేసరికి ఇంకో చోట చిరుగుతుంది, హబుల్ స్థిరాంకం పెరిగితే గెలాక్సీల గుంపులు కట్టే తీరు తప్పిపోతుంది.

పేపర్లు చదవడం

షీట్ పూర్తయ్యాక పేపర్లు తెరిస్తే ముందులా అరవంగా ఉండవు. పరిశోధకులు తమ పేపర్లు ఉచితంగా పెట్టే ఆర్కైవ్ (arXiv) సైట్‌లో కాస్మాలజీకి, అంటే విశ్వ శాస్త్రానికి, వేరే విభాగం ఉంది. కొత్త జాబితా మన టైములో తెల్లవారుజాము ఐదున్నరకి వస్తుంది, అమెరికా వాళ్లు చలికాలం గడియారం మార్చుకున్నాక ఆరున్నరకి, సోమవారం నుంచి శుక్రవారం దాకా. నేను బీచ్ రోడ్ మీద నడకకి వెళ్లినప్పుడు ఫోన్‌లో శీర్షికలు చూస్తాను, అంతకంటే ఎక్కువ పొద్దున్నే చూస్తే ఎవరికో ఒకరికి డాష్ ఇస్తాం.

మొదటి నుంచి చివరిదాకా చదవకండి. సారాంశం చదివి, తిన్నగా బొమ్మల దగ్గరికి వెళ్లండి, ఆ తర్వాత సిస్టమాటిక్స్ అన్న సెక్షన్. ఒక పేపర్ నమ్మదగ్గదా కాదా అక్కడే తెలుస్తుంది. తమ కొలతలో ఏమేం తప్పి ఉండొచ్చో రాసిన పేజీలు ఎంత పొడుగుంటే నాకు అంత గౌరవం. ఏ డేటా వాడారు, వాట్లు ఎక్కడి నుంచి తెచ్చారు, ఏది ముందే ఊహించుకున్నారు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. మ్యూ షూస్ కాలమ్‌లో నేను పడ్డ గుంటలాంటివి ఈ మూడో ప్రశ్నలో బయటపడతాయి.

సిగ్మాల గురించి. 73కి 67.4కి తేడా 5 సిగ్మా అంటారు, అంటే ఉత్త అదృష్టం కొద్దీ అంత తేడా రావడానికి అవకాశం సుమారు 35 లక్షల్లో ఒకటి. బాగానే ఉంది గానీ అది పొరపాట్లన్నీ సరిగ్గా అంచనా వేశామనుకుంటేనే. 2014 మార్చిలో దక్షిణ ధ్రువం దగ్గరి బైసెప్2 టెలిస్కోప్ వాళ్లు విశ్వం పుట్టిన తొలి క్షణాల గురుత్వ తరంగాల గుర్తు దొరికిందని 5 సిగ్మా దాటిన ధీమాతో ప్రకటించారు. ఏడాది తిరక్కుండా ప్లాంక్ డేటాతో కలిపి చూస్తే అందులో చాలావరకు మన గెలాక్సీ దుమ్మే. సంకేతం నిజంగానే ఉంది, దాని సొంతదారే వేరు.

ఇదే కళ్లతో డెసీ ఫలితాలు కూడా చూడండి. అరిజోనాలో కిట్ పీక్ మీద నాలుగు మీటర్ల టెలిస్కోప్‌కి 5000 చిన్న రోబోలు తగిలించి గెలాక్సీల దూరాలు కొలుస్తున్నారు. 2025 మార్చిలో 1.4 కోట్లకు పైగా గెలాక్సీలు, క్వేజార్లతో వచ్చిన ఫలితం డార్క్ ఎనర్జీ స్థిరంగా లేదేమో, కాలంతో పాటు బలహీనపడుతోందేమో అని సూచించింది. ఏ సూపర్నోవాల జాబితాతో కలిపారన్నదాన్ని బట్టి అది 2.8 నుంచి 4.2 సిగ్మా దాకా మారుతోంది. జాబితా మార్చితే సిగ్మా మారుతోందంటే ఏ సెల్ దగ్గర అనుమానపడాలో మీకిప్పుడు తెలుసు. అదీగాక ఇది నిజమైనా హబుల్ టెన్షన్ తగ్గదు, ఈ వార్తని ఆ వార్తతో కలిపి "ఐన్‌స్టీన్ తప్పు" అని తంబ్‌నెయిల్ పెట్టినవాళ్లని చూడకుండా దాటెయ్యండి.

మెట్లు లేని దారి

మూడో దారి ఒకటుంది, నాకు అన్నిటికంటే ఇష్టమైనది. రెండు న్యూట్రాన్ నక్షత్రాలు ఢీకొన్నప్పుడు వచ్చే గురుత్వ తరంగం ఎంత బలంగా పుట్టిందో దాని లయ చెబుతుంది, ఇక్కడికి ఎంత బలహీనపడి చేరిందో పరికరం చెబుతుంది, ఈ రెంటితో దూరం నేరుగా వస్తుంది. సెఫీడ్ అక్కర్లేదు, వాట్లు బయటి నుంచి తేనక్కర్లేదు. బెర్నార్డ్ షుట్జ్ 1986లోనే ఈ ఉపాయం రాశాడు. 2017 ఆగస్టు 17న అలాంటిది ఒకటి దొరికింది, 1.7 సెకన్ల తర్వాత గామా కిరణాలు కూడా వచ్చాయి, ఏ గెలాక్సీయో కనిపెట్టారు. వచ్చిన అంకె 70, పొరపాటు పైకి 12, కిందికి 8. ఇరుపక్షాలకీ తాంబూలం ఇచ్చినట్టుంది. అలాంటివి కొన్ని పదులు దొరికితే తీర్పు వస్తుంది గానీ, దాంతో సమానమైనది ఇంకోటి ఇంకా పడలేదు. మహారాష్ట్రలో హింగోలి జిల్లా ఔంఢా దగ్గర గురుత్వ తరంగాలు పట్టే లైగో ఇండియా పరికరానికి 2023 ఏప్రిల్‌లో కేంద్ర కేబినెట్ ఆమోదం ఇచ్చింది. అది పని మొదలుపెడితే తరంగం ఆకాశంలో ఏ మూల నుంచి వచ్చిందో ఇంకా బాగా తెలుస్తుంది, మూల తెలిస్తే గెలాక్సీ దొరుకుతుంది. ఇప్పుడు డిగ్రీలో ఉన్నవాళ్లకి సరిగ్గా పనికొచ్చే వయసులో అందుతుంది, ఆలోచించుకోండి.

నల్లబిలంలో పడ్డ సమాచారం ఏమవుతుంది, గురుత్వాకర్షణకి క్వాంటం రూపం ఏమిటి అన్న ప్రశ్నలు అడుగుతూ కొందరు రాస్తుంటారు. 1974లో హాకింగ్ మొదలుపెట్టిన ఆ ముడి 2019లో కొంత వదులైంది, ఇంకా వీడలేదు. కానీ అక్కడ దించుకోవడానికి డేటా ఫైలు లేదు, సాధారణ సాపేక్షత, క్వాంటం ఫీల్డ్ సిద్ధాంతం రెండూ చేతికి వచ్చేదాకా పేపర్ తెరిచి లాభం లేదు. ఎమ్మెస్సీ అయ్యాక చూడండి. అప్పటిదాకా బెంగళూరు ఐసీటీఎస్ వాళ్లు యూట్యూబ్‌లో పెట్టే ఉపన్యాసాలు వింటుండండి, సగం అర్థం కాకపోయినా ఎవరు ఏ ప్రశ్న ఎందుకు అడిగారో చెవిన పడుతుంది. మన ఊరి ఏవీఎన్ కాలేజీలో చదివిన సీవీ రామన్‌కి ఈ సదుపాయం లేదు.

మావాడు ఇప్పుడు డెసీ 2025 పేపర్లోని పట్టిక పట్టుకున్నాడు. మొత్తం 13 అంకెలే, పొరపాట్లతో సహా ఒక పేజీలో పడతాయి. పాంథియన్‌లా 1701 వరుసలు లేవు కాబట్టి సులువనుకున్నాడు గానీ, ఇక్కడ రెడ్‌షిఫ్ట్ పెద్దది, మన చిన్న సవరణ సరిపోదు, దూరం కోసం ఇంటిగ్రల్ కట్టాలి. షీట్‌లో ఇంటిగ్రల్ ఎలా మావయ్యా అని నిన్న రాత్రి ఫోన్ చేశాడు. ట్రెపిజాయిడ్ పద్ధతి ఉంది కదరా, జెడ్‌ని 0.01 చొప్పున పెంచుకుంటూ పో, కాలమ్‌లో పక్కపక్క సెల్‌ల సగటు తీసి 0.01తో గుణించి కిందికి కూడుకుంటూ రా అన్నాను. 2.33 దాకా వెళ్లాలి, 233 వరుసలు.